పరుగెత్తని పింజమ్మ

ఏటి ఒడ్డున ఒక వేరుశనగ చేను. పుష్యమాసంలో అక్కడ దిగే మంచు సంగతి చెబితే మీరు నమ్మరు గానీ, గరిటెతో తోడి కుండలో పోసుకోవచ్చు. కాకులు దారి కానరాక నడిచి వెళ్ళేవి. తెల్లవారి చాలాసేపటిదాకా చేనంతా నీళ్ళడుగున నిద్రపోతున్న ఊరిలా ఉండేది.

ఆ చేలో పింజమ్మ అనే కుందేలు కాపురం. దాని గుండె దడ మొదలైందంటే, ఏటవతలి ఊరివాళ్ళు రైసుమిల్లు ఆడుతోందనుకుని వడ్లబస్తాలు ఎత్తుకుని బయల్దేరేవారు.

ఆ దడ తెప్పించేది కోరయ్య అనే నక్క, వాడి పెళ్ళాం సూరమ్మ. చేను చుట్టూ ముళ్ళకంచె, కంచె మొత్తానికీ ఒకటే కంత. కోరయ్య చేనులో దూరి ఊళ పెడతాడు. బెదిరిన కుందేలు ముందూవెనకా చూడకుండా కంతలోకి దూకుతుంది. అవతల సూరమ్మ నోరు తెరుచుకుని కూర్చుంటుంది. పింజమ్మ అక్క అలాగే పోయింది, పిన్నీ అలాగే పోయింది. చేలో ఇక మిగిలింది తనొక్కతే.

కంచె పక్కనే ఏట్లో మునిగి పడుకున్న నల్లమ్మ అనే బర్రె దగ్గర పింజమ్మ గోడు వెళ్ళబోసుకుంది. "పరుగెత్తకూడదని నాకూ తెలుసత్తా. ఆ ఊళ వినపడితే కాళ్ళు నా మాట వినవు."

"నువ్వు బుర్రతో చెబుతున్నావు. అది నీకన్నా ముందే పారిపోతుంది. కాళ్ళతోనే మాట్లాడు."

"కాళ్ళకు చెవులుంటాయా?"

"వాటికి నేల తెలుసు. నాలుగూ తడిమన్నులో అదిమిపెట్టి, చల్లగా ఉందా, గరుగ్గా ఉందా అని వాటినే అడుగు. ఊపిరి పొట్ట నిండా పీల్చు. పీల్చినదానికి రెండింతలసేపు మెల్లగా వదులు. అప్పటికీ దడ తగ్గకపోతే ఆకుమీది మంచు మొహానికి రాసుకో. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలే పిల్లా."

అలవాటు చేయించడానికి నల్లమ్మ వెనకనుంచి హఠాత్తుగా బుస్సుమనేది. మొదటిరోజు పింజమ్మ మూడు తాటిచెట్ల ఎత్తు ఎగిరింది. నాలుగోరోజుకు ఒక్క తాటిచెట్టే. ఏడోరోజున చెవులు మాత్రం ఎగిరి మళ్ళీ వాలాయి.

ఎనిమిదోరోజు పొద్దున్నే ఊళ వినపడింది.

పింజమ్మ గుండె రైసుమిల్లయింది. కంత తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. పాదాలు మన్నులో అదిమింది. చల్లగా ఉంది. కుడి ముందుకాలి కింద చిన్న గులకరాయి, గుండ్రంగా. పీల్చింది, వదిలింది. ఆకు వంచి మొహం తడుపుకుంది. రెండో ఊళ ఏ దూరదేశానిదో అన్నట్టు వినపడింది. మంచు తెల్లగా, మెత్తగా వచ్చి ఒంటిమీద పరుచుకుంది. తను కుందేలో, మట్టిబెడ్డో తనకే తెలియలేదు.

మూడో ఊళ కూడా అయింది. ఎక్కడా అలికిడి లేదు. కోరయ్య వెతుక్కుంటూ వచ్చాడు. తడికి వాసన చచ్చిపోయింది, వాడి తోక పింజమ్మ చెవికి రాసుకుంటూ పోయింది. పింజమ్మ ఊపిరి వదులుతూనే ఉంది.

"కుందేలు ఎప్పుడో కంత దాటుంటుంది," వాడు పళ్ళు నూరుకున్నాడు. "సూరమ్మ నాకు చెప్పకుండా ఒక్కతే మింగుతోంది. పోయినసారీ తొడలో నాకు ఎముకే మిగిల్చింది."

ఆ మాట అనుకున్నాక వాడికి కాలు నిలవలేదు. వాటా కోసం కంత వైపు ఒకటే పరుగు. మంచులోంచి బొచ్చున్నదేదో దూసుకురాగానే సూరమ్మ దొరకబుచ్చుకుంది.

"వదలవే, నేను కుందేలుని కాదు, నీ మొగుణ్ణి."

"దొరికాక ఎవరైనా అదే చెబుతారు," అంది సూరమ్మ పళ్ళసందునుంచి, పట్టు ఇంకాస్త బిగించి.

మంచు వీడేసరికి కోరయ్యకు ఒక చెవి, సగం తోక మిగిలాయి. పోయినసారి తొడ ఎవరు తిన్నారో తేల్చుకుంటూ ఇద్దరూ ఏడు కొండలు దాటిపోయారట.

గుండె ఎంత పరుగెత్తినా పాదం నిలబడితే ప్రాణం నిలబడుతుంది.