అవ్వ ఎరువు గుంత

అనగనగా, జంతువులు కూడా సేద్యం చేసుకునే రోజుల్లో, ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవిలో వాగు ఒడ్డున గంగులు అనే ముళ్ళపంది జొన్న వేసేవాడు. ఆ చేను వాళ్ళ అవ్వది. అవ్వ పోయి మూడేళ్ళు దాటింది.

అవ్వ ఉన్నప్పుడు ఒక్క చొప్ప కూడా వృథా పోయేది కాదు. కోత కాగానే చొప్ప, ఎండుటాకులు, పేడ, అన్నీ గుంతలో వేసి మగ్గబెట్టేది. చలికాలం పొద్దున్నే గంగులు ఆ గుంత అంచున పొట్ట ఆనించి పడుకునేవాడు. లోపల్నుంచి వెచ్చగా ఆవిరి వచ్చేది.

"లేవరా, ఒళ్ళంతా మట్టి!" అని అవ్వ కసిరేది. కసిరి, తనూ పక్కనే చేరేది.

అవ్వ పోయాక పక్క చేను అడవిపంది బొర్రయ్య ఒక ఉపాయం చెప్పాడు.

"ఎందుకు బావా అంత చాకిరీ? అగ్గి పెట్టెయ్. ఒక్క పూటలో చేను ఖాళీ!"

గంగులు అలాగే చేశాడు. మొదటి ఏడు హాయిగా అనిపించింది. రెండో ఏడు నేల బిరుసెక్కింది. మూడో ఏడు కంకులు ఎలుక తోకల్లా వచ్చాయి. అయినా కోత కాగానే మళ్ళీ నిప్పు పెట్టాడు.

ఆ రోజు గాలి తిరిగింది. మంట గట్టు మీదికి పాకింది. గట్టు మీది పొదలో కౌజుపిట్ట గుడ్లు పెట్టుకుని ఉంది. గంగులు పరుగెత్తి మంట ఆర్పేసరికి సగం చొప్ప మిగిలింది. గుడ్లు మిగల్లేదు.

"అన్నా, మీ అవ్వ ఉన్నప్పుడు ఇదే గట్టున మూడుసార్లు పిల్లల్ని లేపాను. ఒక్కనాడూ భయపడలేదు," అంది కౌజుపిట్ట.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు గంగులు.

మర్నాడు బొర్రయ్య వచ్చాడు. "ఆ మిగిలింది కూడా అంటించెయ్ బావా."

"అంటించను. అవ్వ గుంత మళ్ళీ తీస్తాను."

"మృగశిర కార్తెలోపు మగ్గకపోతే? విత్తే వేళ దాటిపోతే ఏం తింటావు?"

గంగులు గుంత తవ్వడం మొదలుపెట్టాడు.

గుంత నింపి ఇరవై రోజులైంది. చొప్ప వేసింది వేసినట్టే ఉంది. అవ్వ పేడ ఎంత కలిపేదో, ఎలా కలిపేదో! పక్కనే పడుకున్నాడు కానీ, ఒక్కనాడూ అడగలేదు.

ఆఖరికి వాగు దాటి ముసలి గేదె నల్లమ్మ దగ్గరికి వెళ్ళాడు. "పెద్దమ్మా, కాస్త పేడ కావాలి," అన్నాడు.

నల్లమ్మ కళ్ళు చెమర్చాయి. "మీ అవ్వ వారానికోసారి పేడకని వచ్చేది. వచ్చి పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పేది. ఇన్నాళ్ళకి ఈ వాకిట్లోకి వచ్చింది నువ్వేరా," అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "చొప్పను చిన్న ముక్కలుగా కొరుకు. పేడనీళ్ళు చల్లు. పదిహేను రోజులకోసారి తిరగెయ్."

గంగులు కొరికాడు, చల్లాడు, తిరగేశాడు. ఎండలు ముదిరేకొద్దీ గుంతలో చొప్ప కుంగింది. మృగశిరకు రెండు రోజుల ముందు గుంత తెరిచాడు. లోపల నల్లని, పొడిపొడి ఎరువు. తొలకరి వాసన. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అది అవ్వ ఒంటి వాసన.

ఎరువు చల్లి జొన్న విత్తాడు. మొలక లేచాక వాన మొహం చాటేసింది. ఇరవై రోజులు చుక్క పడలేదు. బొర్రయ్య చేను వాడిపోయింది. గంగులు చేలో మాత్రం వేలెడు లోతున తడి ఆగింది. కోతనాటికి కంకులు బరువుకి వంగాయి.

బొర్రయ్య వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"బావా, ఆ గుంత ఎంత లోతు తియ్యాలి?"

"పద, నీ చేలోనే తవ్వి చూపిస్తా," అన్నాడు గంగులు. "పేడకు మాత్రం నువ్వే వెళ్ళు. వెళ్ళి వెంటనే వచ్చెయ్యకు, కాసేపు కూర్చో. పెద్దమ్మకు కబుర్లంటే ఇష్టం."

నీతి: మనం తినగా మిగిలింది చెత్త కాదు, నేల తినాల్సిన కూడు. కాల్చకుండా నేలకు పెడితే, నేల మనకు పెడుతుంది.