గవర్రాజు ఇంటివాళ్ళు సర్వర్ సవరించిన రోజు

తణుకు మొత్తం మీద తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవర్రాజు నమ్మకం. ఉంటే ఉండొచ్చు. ఎవరూ వాడకపోవడంతో ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.

ఆ ఇంటివాళ్ళు పెళ్ళిపందిళ్ళు వేస్తారు. "బజార్లో మొన్నటి పెళ్ళికి వేసి ఇంకా విప్పని మీ పూలపందిరి ఉందే, దాని ఫోటో సాయంత్రంలోగా మీ వెబ్‌సైట్లో కనబడాలి. మా వియ్యంకుడు చూసి సరేనంటే మా అమ్మాయి పెళ్ళికి పందిరి మీదే. లేదంటే వేరేవాళ్ళది" అన్నాడు రైసుమిల్లు కామందు.

అంతే, హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే బావ అప్పలస్వామికి ఫోన్ వెళ్ళింది. ఇల్లంతా దాని చుట్టూ మూగింది.

"ఒరే గవర్రాజూ, మీ సైటు ఉన్నది లినక్స్ సర్వర్ మీద. రెండు ఎంబీ దాటిన ఫోటో ఎక్కదు. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు తెరిచి, అప్‌లోడ్ సైజు దగ్గర రెండు తీసి ఆరు పెట్టు. సెమీకోలన్‌తో మొదలయ్యే వరసల్ని సర్వర్ చదవదు, వాటి జోలికెళ్ళకు. ఏది మార్చబోయినా ముందు పాతది భద్రంగా పక్కన పెట్టండి. ఏం మార్చినా వెంటనే రీస్టార్ట్ చెయ్యండి. అర్థమైందా?"

"మాకా, అర్థం కాకపోవడమా!" అన్నాడు తమ్ముడు సత్తిపండు, అప్పటికే చెప్పులు తొడుక్కుంటూ.

గవర్రాజు ఫైలుకి కాపీ తీసి పక్కన పెట్టాడు. తెరిచి చూస్తే సగం వరసల ముందు సెమీకోలన్లే. ప్రాణం చివుక్కుమంది. "ఇంత ఇంగ్లీషు రాసిపెడితే చదవదా? ఇంత బద్ధకమా!" అని అన్నీ పీకేశాడు. ఇంకేముంది, ఆ రాసిందంతా తనకి చెప్పిన పనులే అనుకుని సర్వర్ బిత్తరపోయి కూలబడింది.

బావ నాలుగు తిట్టి, పాత కాపీ మళ్ళీ పెట్టించి, ఆ ఒక్క అంకె మాత్రం మార్పించాడు. సైటు లేచింది. కానీ 'ఏం మార్చినా' అన్న మాట గవర్రాజు మరిచిపోతాడా? అమ్మ చీర మార్చుకుంది. రీస్టార్ట్. నాన్న టీవీలో ఛానెల్ మార్చాడు. రీస్టార్ట్. మళ్ళీ మార్చాడు. మళ్ళీ రీస్టార్ట్.

"నాన్నా, కాసేపు ఒకటే చూడరాదా? సర్వర్ అలిసిపోతోంది!"

"ప్రకటనలొస్తే నన్నేం చెయ్యమంటావురా?"

మిల్లు కామందు ఫోన్ చేశాడు. "ఏమయ్యా, మీ సైటు ఇలా తెరుచుకుని అలా పోతోందేం?"

"మా నాన్నకి నిలకడ లేదండీ."

సంగతంతా ఫోన్లో విన్నాక, ఈసారి బావ గొంతు బొంగురుపోయింది. "ఒరే, ఆ రిమోట్ ఎక్కడైనా దాచి, ముందు ఫోటో ఎక్కించు! పొద్దుగూకుతోంది."

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "ఫోటో... ఇంకా తియ్యలేదు బావా. నువ్వు తియ్యమని చెప్పలేదుగా?"

"ఓరి నీ తెలివి తగలెయ్యా! పరిగెత్తుకెళ్ళి తియ్యి! పందిరి ఉందిగా?"

అప్పుడే సత్తిపండు చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, గోడౌన్ తాళంచెవి మేకుకి తగిలించాడు. గవర్రాజు ఆ తాళంచెవి వంక చూసి, గొంతు తగ్గించాడు.

"ఉంది బావా, భద్రంగా ఉంది. పాతది పక్కన పెట్టమన్నావు కదా... తమ్ముడు మొత్తం విప్పి, మడిచి, గోడౌన్లో పెట్టి తాళం వేసొచ్చాడు."

అంటూనే గవర్రాజు కంప్యూటర్ వైపు తిరిగి ఓ మీట నొక్కాడు.

"ఇదీ మార్పే కదా అని, ఇప్పుడే రీస్టార్ట్ కూడా కొట్టాను బావా."