నడిగెడ్డలో గోచీకట్టు అమ్మవారు

తురాయివలస దాటి గెడ్డ వెంట పైకి నడిస్తే, నీళ్ల నడుమ నల్లని బండపై అడుగులమ్మ గుడి కనిపిస్తుంది. ఇక్కడ గాలి నిలవదు. దీపం వెలిగించినవారు చేయి అడ్డుపెట్టుకునే ఉండాలి. గెడ్డ హోరులో గంట మోత సగమే వినిపిస్తుంది.

పూర్వం ఇక్కడ అమ్మవారికి పాత చీర విప్పకుండానే కొత్త పట్టుచీర చుట్టేవారు. అందుచేత లోపలి విగ్రహాన్ని చూసినవారు ఊళ్లో ఎవరూ మిగలలేదు. ఆ కాలంలో తవిటమ్మ ఈ ఊరికి కోడలుగా వచ్చింది. పుట్టింట వలలు లాగిన పిల్ల కావడంతో చీరను గోచీ పోసి కట్టేది. ఒకచోట కుదురుగా ఉండేది కాదు. కడవ నింపుతూ కూడా అవతలి గట్టుకేసి చూసేది. అత్త సూరీడమ్మకు ఇది తలవంపులుగా ఉండేది.

"ఆడదన్నాక కుచ్చెళ్లు పాదాల మీద పడాల. ఇదేటి, మగోడి నాగ ఆ కట్టు?"

"నాను ఆడదాన్నని నా ఒంటికి తెల్దా అత్తా? గుడ్డ సెప్పాలేటి?" అనేది తవిటమ్మ.

ఆ ఏడు జాతరకు గోచీ కట్టిన స్త్రీలు గుడి మెట్టెక్కరాదని పెద్దలు చాటించారు. సూరీడమ్మ తానే కోడలికి నిండుగా కుచ్చెళ్లు పోసి కట్టింది. తవిటమ్మ పొట్టి అడుగులతో, ఊపిరాడనట్టుగా గుడికి వచ్చింది.

స్త్రీలు బండపై పసుపు కలుపుతుండగా ఎగువ కొండల్లో కురిసిన వానకు గెడ్డ పొంగింది. నీళ్లలోకి దిగినవారి కాళ్లకు తడిసిన కుచ్చెళ్లు చుట్టుకున్నాయి. ఒక కొత్త పెళ్లికూతురు పడిపోయి కొట్టుకుపోతుంటే తవిటమ్మ జుట్టు పట్టి లాగింది. వెంటనే తన కుచ్చెళ్లు వెనక్కి తీసి బిగించి దోపుకుంది.

"గోచీ పొయ్యండర్రా!" అని అరిచింది.

"గట్టు మీద మగోళ్లు సూత్తన్నారే!" అని ఎవరో ఏడ్చారు. ఎవరూ కదలలేదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. అప్పుడు సూరీడమ్మ వంగి తన చీరను పైకి తీసింది. ఆమెను చూసి మిగిలినవారూ కట్టు మార్చారు. చేయీ చేయీ పట్టుకుని, నీటిని తోసుకుంటూ అందరూ గట్టెక్కారు.

మరునాడు వరద తీసింది. అమ్మవారి పట్టుచీరలన్నీ కొట్టుకుపోయాయి. నిండు రొమ్ములతో, విశాలమైన కటితో, రాతిలోనే చెక్కిన గోచీకట్టుతో, కుడి పాదం ముందుకు వేసి అమ్మవారు కనిపించింది. కొత్త చీరతో వచ్చిన పూజారి చేయి ఆగిపోయింది. సూరీడమ్మ ఆ చీర అందుకుని కోడలి వైపు తిరిగింది.

"ఎలాగ దోపాలో సూపించవే, అమ్మా."

నాటి నుండి జాతరనాడు అత్తాకోడళ్లే కలిసి అమ్మవారికి గోచీ పోసి చీర కడుతున్నారు. చీరలో వచ్చినా, చుడీదారులో వచ్చినా, పని దుస్తుల్లోనే వచ్చినా ఏ స్త్రీనీ గుమ్మం దగ్గర ఆపరు. నిండు చూలాళ్లు, దూరదేశం బయలుదేరేవారు ఇక్కడ మొక్కుకుంటే తల్లి వెంట వస్తుందని నమ్మకం. దర్శనమయ్యాక ఈ గుడిలో ఎవరూ కూర్చోరు. పసుపు పాదాలతో అలాగే గెడ్డలోకి దిగి నడిచిపోతారు.