ఏనుగు లాగినా కదలని బోల్టు

ఘాట్ రోడ్డు మొదట్లో మస్తాన్ సాయిబు మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన శిష్యుడు గంగులుకి ఆ ఉదయం ఒకటే పట్టుదల. సోమన్న జీపు హెడ్ గాస్కెట్ తన చేత్తోనే బాగుచెయ్యాలి.

ఇంజిన్‌కీ, పైనున్న హెడ్డుకీ మధ్య కూర్చుని, నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పల్చటి రేకు అది. గంగులు అప్పటికే రెండు కొత్తవి వేశాడు. రెండుసార్లూ బండి సగం కొండ ఎక్కి, తెల్లటి పొగ కక్కుకుంటూ వెనక్కొచ్చింది. నీళ్ళు ఆయిల్లో కలిసి మజ్జిగలా తేలాయి. షెడ్డులో ఇక మిగిలింది ఒక్క గాస్కెట్టే. పైన ఊళ్ళో సోమన్న భార్యకి నెలలు నిండాయి. ఆ దారి ఎక్కగలిగే బండి అదొక్కటే.

"ఏటి గంగులూ, ఈసారైనా నిలుస్తాదా?" అన్నాడు సోమన్న.

"నిలవకేం! పోయినసారి మూల బోల్టు చూశావు కదన్నా, ఏనుగు లాగినా కదల్లేదు. ఈసారి ఇంకా గట్టిగా బిగిస్తా," అంటూ గంగులు స్పానరు పిడికి పొడవాటి ఇనప పైపు తొడిగాడు.

తన కండబలం మీద అతనికి అంత నమ్మకం. పాపం, తప్పంతా రేకుదేనని నిజంగానే అనుకున్నాడు.

మస్తాన్ సాయిబు హెడ్డు మీద ఇనప స్కేలు నిలబెట్టి, కింద సందులోంచి వెలుతురు వస్తోందేమో చూశాడు. హెడ్డులో వంకర లేదు. తలెత్తి ఆకాశంకేసి చూశాడు.

"మబ్బు పట్టింది. ముందు బండి మీద టార్పాలిన్ కట్టరా."

"అలాగే ఉస్తాద్."

జీపు చుట్టూ నాలుగు గుంజలున్నాయి. గంగులు ఒక మూల తాడు బలమంతా పెట్టి లాగి కట్టేశాడు. పక్క మూలా అంతే. ఎదుటి మూలకి వచ్చేసరికి గుంజ అందలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. తాడు కట్టిన కన్నం పర్రున చిరిగింది.

సాయిబు లేచి వచ్చాడు. తిట్టలేదు. గంగులు వేసిన ముడులన్నీ విప్పాడు. చిరిగిన మూలలో గులకరాయి పెట్టి, గుడ్డ దాని చుట్టూ పోగేసి తాడు బిగించాడు. తాళ్ళన్నీ గుంజలకి వదులుగా చుట్టి, ఒక మూల కొంచెం లాగాడు. వెళ్ళి ఎదుటి మూల కొంచెం లాగాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. అలా తిరుగుతూనే ఉన్నాడు. చివరికి టార్పాలిన్ ఎక్కడా మడత లేకుండా బిగిసింది.

వాన దంచికొట్టింది. ముగ్గురూ దాని కిందే నిలబడ్డారు. ఇంజిన్ మీద ఒక్క చుక్క పడలేదు.

గంగులు తలెత్తి, నాలుగు మూలలా సమంగా బిగిసిన టార్పాలిన్‌కేసి చూశాడు. సిగ్గేసింది. స్పానరు నుంచి పైపు పీకి పక్కన పడేశాడు.

కొత్త గాస్కెట్ వేసి హెడ్డు కూర్చోబెట్టాడు. మధ్య బోల్టు కొంచెం తిప్పాడు, దాని ఎదుటిది కొంచెం. అలా అంచులదాకా వెళ్ళి మళ్ళీ మధ్యకొచ్చాడు. చెయ్యి ఆత్రపడినప్పుడల్లా ఆగాడు. సాయిబు అటు తిరిగి టీ తాగుతున్నాడు.

వాన వెలిశాక ఆయిల్ మార్చి, రేడియేటరు మూత తీసి ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేశారు. వేడెక్కినా, రేకు కారుతోందని చెప్పే బుడగ ఒక్కటీ నీళ్ళలో రాలేదు.

సోమన్నకి ఇంకా ధైర్యం చాల్లేదు. "ఏనుగు లాగినా కదలని బోల్టు ఈసారి ఏదయ్యా?"

గంగులు తల వంచుకున్నాడు.

"అలాంటిది ఒక్కటీ లేదన్నా."

మస్తాన్ సాయిబు బండి తాళం సోమన్న చేతిలో పెట్టాడు.

"అయితే ఎక్కుతుంది. వెళ్ళు."