నేరేడు దిగిన పైరేవు

ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవికంతటికీ రాళ్ళగుట్ట కింది మడుగే దిక్కు. ఆ మడుగుకి రెండు రేవులు. కొండ ఊట దిగేచోట పైరేవు, అక్కడ నీళ్ళడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తాయి. దిగువన కిందిరేవు, అక్కడ అడుగేస్తే మోకాలి దాకా ఊబి. తెల్లతోలు వాళ్ళు పొద్దున్నే పైరేవులో తాగాలి. నల్లతోలు వాళ్ళు వాళ్ళంతా వెళ్ళాక, పొద్దువాలాక కిందిరేవులో తాగాలి. ఈ కట్టుబాటు పెట్టిందెవరంటే ఎవరికీ తెలీదు. కాపలా కాసేదెవరంటే మాత్రం అందరికీ తెలుసు. పైరేవు గట్టు మీద తోక చుట్టుకుని కూర్చునే నక్క.

నక్క తెల్లదా? కాదు. నల్లదా? అదీ కాదు. మరి దానికి పెత్తనం ఎవరిచ్చారని మీరిప్పుడు అడుగుతున్నారు. అప్పుడెవరూ అడగలేదు, అదే వచ్చిన చిక్కు.

నేరేడు అనే గేదె అక్కడ ఆవులూ గేదెలూ కలిసి మేసే మందలోది. పేరుకి తగ్గ నలుపు. పోయినేడు దాని తొలిచూలు దూడ కిందిరేవు ఊబిలో దిగబడిపోయింది. తల్లి ఎంత అరిచినా, మందంతా కలిసి లాగినా పైకి రాలేదు. మర్నాడు చూస్తే దూడ లేదు, ఎముకలు కూడా లేవు. "రాత బాగోలేదు చెల్లెమ్మా," అని నక్క మూతి నాకుతూ ఓదార్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

ఈ ఏడు నేరేడు మళ్ళీ ఈనింది. పుట్టిన దూడకి కాటుక అని పేరు పెట్టుకుంది. ఎండలు ముదిరేకొద్దీ కిందిరేవులో నీళ్ళు వెనక్కి జరిగాయి, ఊబి ముందుకొచ్చింది. నేరేడుకి రాత్రిళ్ళు నిద్ర కరువైంది. ఓ పొద్దున దూడని వెంటబెట్టుకుని తిన్నగా పైరేవుకే వెళ్ళింది.

"నక్కన్నా, దీని కాళ్ళకింకా పట్టు చిక్కలేదు. కిందిరేవులో దింపితే మళ్ళీ నాకు దక్కదు. దీన్నొక్కదాన్ని ఇక్కడ తాగనీ. నేను దిగను."

"అయ్యో చెల్లెమ్మా, నాదేముంది, నేను కాపలావాణ్ణి! నల్లతోలు తగిలితే నీళ్ళు నలుపెక్కుతాయని పెద్దలన్నారు."

"ఆవు నలుపైతే పాలు నలుపా? ఇదిగో, దీని మూతి చూడు. నా పాల నురుగు తెల్లగా లేదూ?"

"పాల సంగతి పాలది, నీళ్ళ సంగతి నీళ్ళది. వెళ్ళు వెళ్ళు, పొద్దెక్కుతోంది."

పక్కనే తుమ్మి అనే తెల్లావు తన దూడతో నీళ్ళు తాగుతోంది. నేరేడు దానివంక చూసింది. తుమ్మి ఓ క్షణం తలెత్తి, "కట్టుబాటు కదా వదినా," అని గొణిగి మళ్ళీ మూతి నీళ్ళలో పెట్టేసింది. నక్క మాటకన్నా ఆ మాటే నేరేడుకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వారమే వడగాలితో పాటు జోరీగలు దిగాయి. గేదెలకేం, తుప్పల వెనక బురదగుంటలో పొర్లి ఒళ్ళంతా బురద పట్టించుకుంటే ఈగ వాలదు. ఆవులకి ఆ అలవాటు లేదు. తోకలు ఆడించీ ఆడించీ అలిసిపోయాయి, మెడల మీద నెత్తురు చారలు కట్టింది. చివరికి ఓ మిట్టమధ్యాహ్నం ఆవులన్నీ తలలు దించుకుని గుంట దగ్గరికొచ్చాయి. ముందు తుమ్మి ఉంది.

"వదినా, కాస్త బురదలో చోటిస్తారా?"

ముసలి గేదె పోలమ్మత్త కొమ్ములు విదిలించింది. "పొద్దున మొహం తిప్పుకుని, మధ్యాహ్నం చుట్టరికం కలుపుతున్నారా? పొండి, పొండి!"

నేరేడుకీ కోపం వచ్చింది. రావాలి కూడా, అందులో తప్పేం లేదు. కానీ తుమ్మి దూడ చెవుల నిండా ఈగలు ముసిరి ఉన్నాయి. పసిదానికి చెవి ఆడించే ఓపిక కూడా లేదు. నేరేడు కాసేపు దానివంకే చూసి, పక్కకి జరిగింది.

"దిగండి. బురదకి కట్టుబాటు లేదు. నేనడిగేది ఒకటే. రేపు నీళ్ళకొచ్చేటప్పుడు ఈ బురద దులుపుకోకుండా రండి. మావాళ్ళూ అలాగే వస్తారు, మీ పక్కనే నడుస్తారు."

"నక్క ఊరుకుంటుందా?"

"ఊరుకోకపోతే ఏం చేస్తుందో చూద్దాం."

తెల్లారింది. మంద కదిలింది. గేదెలు, తెల్లావులు, గేదెలతో పాటు కిందిరేవులో తాగే నల్లావులు, అన్నీ ఒకే మట్టిరంగులో ఉన్నాయి. నేరేడూ కాటుకా మాత్రం ఒంటి మీద మట్టి లేకుండా నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"నువ్వూ పూసుకోవే పిచ్చిదానా! దొరికిపోతావ్," అంది పోలమ్మత్త.

"వద్దత్తా. రంగు దాచుకుని తాగితే ఆ నీళ్ళు నా గొంతు దిగవు. నా బిడ్డ నల్లగానే వెళ్ళాలి, నల్లగానే తాగాలి."

గట్టు మీంచి నక్క చూపు ముందు దాని మీదే పడింది. "నేరేడూ! మళ్ళీ వచ్చావా? నల్లవాళ్ళు వెనక్కి!"

"అలాగే అన్నా. తెల్లవాళ్ళ తరవాతే కదా నేను? ముందు వాళ్ళని పంపు, నేనిక్కడే నిలబడతా."

నక్క మందవంక చూసింది. కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది. "తెల్లవాళ్ళు ముందుకి రండి!"

మందంతా ఒక్కసారే ముందుకొచ్చింది.

"ఆగండాగండి! ఆవు కొమ్ములున్నవాళ్ళే రండి!"

"నావీ ఆవు కొమ్ములే," అంటూ ఓ నల్లావు ముందుకి నడిచింది. "అయినా కట్టుబాటు తోలుకి కదా నక్కన్నా, కొమ్ములకి ఎప్పుడు పెట్టారు?"

"నేనూ తెల్లదాన్నే నాయనా, మనసుకి," అంది పోలమ్మత్త. మందలో నవ్వులు లేచాయి.

ఎండ చుర్రుమంటోంది. నిజం తెల్లావులు కూడా దాహంతో గిట్టలు తాటిస్తూ, "త్వరగా తేల్చు!" అని అరుస్తున్నాయి. నక్కకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినవాడికి బుర్ర పనిచెయ్యదు. "ఆ మట్టి కడుక్కోండి! కడిగితే ఎవరేమిటో తేలిపోతుంది!"

"ఎక్కడ కడుక్కోమంటావ్? కిందిరేవులోనా? బురదని బురదతో కడుగుతామా?" అంది తుమ్మి.

నక్క అటూ ఇటూ చూసింది. "సరే, ఇక్కడే కానివ్వండి. కడుక్కుని వెంటనే బయటికి రావాలి!"

ఇంకేముంది, మందంతా పైరేవులో దిగింది. దాహంతో నీళ్ళలో దిగినవాళ్ళని మూతి కట్టుకోమనడం ఎవరితరం? అందరూ దిగాక నేరేడు దూడతో సహా ముందుకి నడిచింది.

"నువ్వెక్కడికి?" నక్క గట్టు మీంచి లేచింది.

"నా ముందున్నవాళ్ళంతా దిగారుగా. ఇప్పుడు నా వంతు."

కాటుక నీళ్ళలో కాలు పెట్టింది. కింద గట్టినేల తగిలింది. కాళ్ళ కింద కనబడుతున్న రాళ్ళని వింతగా చూసి, గుటకలు గుటకలుగా తాగడం మొదలెట్టింది. నేరేడు తను తాగడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడింది.

ఒంటి మట్టి కరిగి కిందికి కొట్టుకుపోయింది. తెల్లవాళ్ళు తెల్లగా, నల్లవాళ్ళు నల్లగా ఒకరి పక్కన ఒకరు బయటపడ్డారు. నక్క ఎగిరి గంతేసింది. "తేలింది, తేలింది! నల్లవాళ్ళు బయటికి నడవండి!"

ఎవరూ కదల్లేదు. ఇప్పుడు తెల్లావులు ఒక్క అడుగు పక్కకి జరిగితే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. నేరేడు తుమ్మివంక చూసింది.

తుమ్మి ఈసారి మూతి నీళ్ళలో పెట్టలేదు. "ఇంతమంది దిగాం కదా నక్కన్నా, నీళ్ళు నలుపెక్కాయా? గులకరాళ్ళు అలాగే కనబడుతున్నాయే!" అంది. నేరేడువైపు తిరిగి, "పోయినేడు నీ బిడ్డ పోయినప్పుడు నోరు మూసుకున్నాను. మొన్నా మూసుకున్నాను. నాది తప్పు వదినా," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడుపు తరవాత," అంది పోలమ్మత్త. "ఒరే నక్కా, ఏటా కిందిరేవులో దిగబడ్డ దూడలన్నీ తెల్లారేసరికి ఏమైపోతున్నాయిరా?"

నక్క అలవాటుగా మూతి నాకబోయి చటుక్కున ఆగింది. కూరుకుపోయిన దూడ దొరకాలంటే కిందిరేవు ఉండాలి, కిందిరేవు ఉండాలంటే కట్టుబాటు ఉండాలి. ఇన్నేళ్ళకి ఆ లెక్క మందంతటికీ ఒకేసారి అర్థమైంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి కొమ్ములు వంచారు. నక్క వెనక్కి వెనక్కి నడిచి, గట్టు దిగి, తుప్పల్లో పడి పరిగెత్తింది.

పొద్దు వాలకముందే అది నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది. వేరే నీళ్ళెక్కడున్నాయి గనక? దాన్ని చూడగానే పోయిన బిడ్డ గుర్తొచ్చి, పొడిచి పారెయ్యాలన్నంత కసి నేరేడుకి పుట్టింది. కాటుకని తన కడుపు చాటుకి లాక్కుంది, కోపం కాస్త దిగేదాకా నిలబడింది.

"తాగు. దాహమైనవాళ్ళెవరైనా తాగొచ్చు. తాగి నీ దారిన నువ్వు పో. ఆ గట్టు మీద మాత్రం ఇక ఎవరూ కూర్చోవడానికి లేదు."

నక్క తల వంచి తాగి, తోక ముడిచి వెళ్ళిపోయింది. దానికెవరూ రంగు అడగలేదు.

నీతి: నీళ్ళకొచ్చినవాళ్ళని రంగు అడిగేవాడి కన్ను నీళ్ళ మీద ఉండదు, మన బిడ్డల మీద ఉంటుంది.