పాతర మూతకి చెవి ఆనించిన పేరిందేవమ్మ

అనగా అనగా, మా అమ్మమ్మ కూడా పుట్టని రోజుల్లో, ఒక ఊళ్ళో నేల కింద పెద్ద పాతర ఉండేదట. పాతరంటే ఏమిటంటావా? ధాన్యం దాచే గొయ్యిరా తండ్రీ. దుప్పటి కప్పుకో, చెబుతాను.

ఆ ఊళ్ళో డబ్బుల్లేవు. ఏం కొనాలన్నా వడ్లే ఇవ్వాలి. లేనివాళ్ళు పాతరలోంచి అప్పు తీసుకుని, పంట రాగానే కాస్త ఎక్కువ కలిపి పోసేవాళ్ళు. ఆ ఎక్కువనే నాగు అంటారు. నాగు ఎంతో చెప్పే పని పేరిందేవమ్మది.

ఎలా చెప్పేదో తెలుసా? అమావాస్య నాడు, మిట్టమధ్యాహ్నం, పాతర మూతకి చెవి ఆనించి వినేది. అడుగున ఏదో నిద్రపోతూ ఉండేది. దాన్ని ఎవరూ చూడలేదు. గుర్రు నెమ్మదిగా ఉంటే నాగు తగ్గించేది, అది కదిలితే పెంచేది; నాగు పెరిగితే అది మళ్ళీ సద్దుమణిగేది. మేలుకుందంటే గింజల్లో సత్తువంతా జుర్రేస్తుందట!

పేరిందేవమ్మకి ఒక్కతే కూతురు, ముత్యాలు. కొత్తగా మగ్గం పెట్టుకుంది. ఒక అమావాస్యకి వచ్చి, "అమ్మా, నాగు తగ్గించవే. నూలు కొనుక్కుని నాలుగు చీరలు నేస్తే నా బతుకు గట్టెక్కుతుంది" అంది. కన్నతల్లి కదా, కాదనలేకపోయింది. లోపల ఏదో ఒత్తిగిల్లినట్టు వినిపించినా, "హాయిగా నిద్రపోతోంది" అని ఊరికి చెప్పేసింది.

అప్పుడు ఊరు కళకళలాడిపోయింది. అందరూ అప్పు తెచ్చారు. మగ్గాలు ఆడాయి, కొత్త నాగళ్ళు కట్టారు, కుమ్మరి సారె ఆగితే ఒట్టు. ఆ తర్వాతి అమావాస్యకి ఊరు ఊరంతా వచ్చి, ఇంకా తగ్గించమంది. లోపల గోళ్ళతో గీకుతున్న చప్పుడు. అయినా పేరిందేవమ్మ తగ్గించింది.

ఇంకేముంది, గింజల్లో సత్తువ తగ్గిపోసాగింది! సోలెడు వడ్లకొచ్చే కుండకి రెట్టింపు, తవ్వెడు అడిగారు. ఆ తర్వాత దానికీ రెట్టింపు, మానికెడు. పక్కింటి ముసలి చుక్కమ్మ జన్మంతా దాచుకున్న కాగెడు వడ్లు పట్టుకెళ్తే చారెడు ఉప్పిచ్చారు. "వడ్లు అవేగా తల్లీ, ఏం మాయరోగం వచ్చింది వీటికి?" అని బావురుమంది పాపం.

మూడో అమావాస్యకి పేరిందేవమ్మ చెవి ఆనించింది. గుర్రూ లేదు, గీకుడూ లేదు. మూతకి అవతల, సరిగ్గా తన చెవి దగ్గరే, వెచ్చగా ఊపిరి తగిలింది. "అమ్మా, ఇంకా తగ్గించవే" అంది అది. అచ్చం ముత్యాలు గొంతు!

పేరిందేవమ్మ చటుక్కున లేచి, "నాగు మూడింతలు!" అని అరిచింది. ఇంకెవడు అప్పు తెస్తాడు? అప్పుడు మగ్గాలు ఆగాయి. ఆ తర్వాత నాగళ్ళు ఆగాయి, సారె ఆగింది. ఊళ్ళో కుక్క కూడా మొరగలేదట. ముత్యాలు మగ్గానికి సాలెగూళ్ళు పట్టాయి. "నా నోట్లో మట్టి కొట్టావు" అని తల్లితో మాట మానేసింది.

పేరిందేవమ్మ కుమిలిపోయింది. బిగిస్తే ఊరు ఎండిపోతుంది, వదిలితే అది లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

కొన్నాళ్ళకి మళ్ళీ గుర్రు వినపడింది. వెంటనే కూతురి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నువ్వే వినవే. ఈసారి నాగు నువ్వే చెప్పు."

ముత్యాలు మూతకి చెవి ఆనించింది. లోతున, నిద్రలోనే, తన గొంతుతోనే అది "ఇంకా... ఇంకా..." అని గొణుగుతోంది. ముత్యాలు తల్లిని గట్టిగా వాటేసుకుని, "చిటికెడే తగ్గించమ్మా. చిటికెడే" అంది.

ఏమిటిరా, దిండులోంచి చప్పుడు వినిపిస్తోందా? నీ గుండేలే. పడుకో.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి;
అదేమో పాతర అడుగున,
నువ్వేమో అమ్మమ్మ పక్కన;
మూత తీయకు, మాటాడకు!