అట్ట మీద పట్టని పేరు

విజయవాడలో కోదండపాణి అనే ఉద్యోగి ఉండేవాడు. ఇంట్లో ఎవరు చేసిన పనినైనా నలుగురిలో తనదిగా చెప్పుకోకపోతే ఆయనకు కాలు నిలిచేది కాదు.

ఆయన భార్య సువర్చలకు ఇంగ్లండు రాజుల, రాణుల పాత నాణేలు పోగుచేయడం ఇష్టం. మెరిసే నాణేలు కొనే స్తోమత లేదు. అందుకని అరిగినవీ, అంచులు నలిగినవీ, ఎవరూ ముట్టనివీ తెచ్చుకునేది. పాత సామాన్ల కొట్లలో ఓపిగ్గా వెతికేది. వంటింటి కిటికీ దగ్గర నాణేన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, ముక్కును బట్టీ జుట్టును బట్టీ ఆ ముఖం ఎవరిదో తేల్చేది.

"ఆ తుక్కు ఇంకా ఎంత పోగేస్తావు?" అని కోదండపాణి విసుక్కునేవాడు. ఒకసారి ఇంటికొచ్చిన పై అధికారి ఆ నాణేలు చూసి తెగ మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి తుక్కు కాస్తా "నా సేకరణ" అయిపోయింది.

కొన్నాళ్లకు ఊళ్లో నాణేల ప్రదర్శన పెట్టారు. మంచి సేకరణకు వెండి పతకం ఇస్తామన్నారు. బల్ల మీద నిలబెట్టే అట్ట మీద కోదండపాణి తన పేరు పెద్దక్షరాలతో రాశాడు.

"నా పేరు కూడా రాయండి," అంది సువర్చల.

"ఇద్దరి పేర్లూ పట్టవే," అన్నాడు.

అట్ట కింద జానెడు ఖాళీ ఉంది. సువర్చల దానివంక చూసింది.

ప్రదర్శన రోజు కోదండపాణి ఒకచోట నిలవలేకపోయాడు. నాణేలు సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు. న్యాయనిర్ణేత వస్తోందేమోనని గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చాడు. ఎవరైనా ఏమైనా అడిగితే మెల్లిగా తన చెవిలో చెప్పమని భార్యకు పదే పదే గుర్తుచేశాడు. సువర్చల వెనక కుర్చీలో కూర్చుని పులిహోర డబ్బా విప్పింది.

చివరికి న్యాయనిర్ణేత ఇందుమతి వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఒక రాగి నాణెం దగ్గర ఆగింది.

"ఇందులో ఒక ముఖం వెనక ఇంకో ముఖం ఉంది. ఎవరిదండీ?"

కోదండపాణి ఆ రెండో ముఖాన్ని చూడటం అదే మొదలు. వెనక్కి తిరిగి చూశాడు. సువర్చల పులిహోరలో పల్లీలు ఏరుకుంటోంది.

"అది ముఖం కాదండీ. అచ్చు కదిలి రెండుసార్లు పడింది," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "అచ్చు కదిలితే ముక్కు కూడా మారుతుందా నాయనా?" అంది ఇందుమతి.

"సువర్చలా, చెప్పవే," అన్నాడు గొంతు తగ్గించి.

సువర్చల గొంతు తగ్గించలేదు. "అట్ట మీద పేరున్నవాళ్లని అడుగుతున్నారు కదండీ. నా పేరే పట్టలేదు, నా మాటెక్కడ పడుతుంది?"

ఇందుమతి ఆ అట్టనూ తన కలాన్నీ కోదండపాణి ముందు పెట్టింది. ఆయన తలెత్తకుండా కింద భార్య పేరు రాశాడు. ఇంకా చోటు మిగిలింది.

అప్పుడు సువర్చల చెయ్యి కడుక్కుని వచ్చింది. "ఆ వెనకున్నావిడ మేరీ రాణి. సింహాసనం ఆవిడ పుట్టింటిది. కిరీటం ఇద్దరికీ పెట్టారు. నాణెం మీద ముందు నిలబడ్డది మాత్రం మొగుడు విలియం," అంది. జనం ఆమె చుట్టూ మూగారు. ఒక్కో నాణేన్నీ చూపించి అడిగారు. ఆమె చెబుతూ పోయింది.

పతకం మాత్రం వేరే బల్లకు వెళ్లింది. తప్పు వివరం చెప్పిన బల్లకు ఇవ్వకూడదని నియమం. సువర్చల ఆ పతకం వంక ఒకసారి చూసి, నాణేలు డబ్బాలో సర్దుకుంది.

ఇంటికి వెళ్లే ఆటోలో కోదండపాణి కుదురుగా కూర్చోలేకపోయాడు. "ముందే చెప్పి ఉంటే పతకం మనకే వచ్చేది," అని గొణిగాడు.

"ముందే రాసి ఉంటే వచ్చేది," అంది సువర్చల.

నీతి: ఇంకొకరి శ్రమకు తన పేరు తగిలించుకునేవాడికి గౌరవం దక్కదు, ఆ శ్రమ పడ్డ మనిషికి దక్కాల్సిన దాన్ని కూడా వాడే పోగొడతాడు.